జగదల్‌పూర్ నుంచి హైదరాబాద్, విశాఖలకు: తక్కువ అద్దెలో భద్రమైన శివారును గుర్తించడం ఎలా?

పిల్లల చదువు కోసమో, కొత్త ఉద్యోగం కోసమో, దీర్ఘకాల వైద్యం కోసమో జగదల్‌పూర్ విడిచి పెద్ద నగరానికి తరలవలసి వచ్చిన తెలుగు కుటుంబం ముందు సాధారణంగా మూడు దారులు ఉంటాయి. ఉత్తరాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలో రాష్ట్ర రాజధాని రాయ్‌పూర్ ఉంది. తూర్పు కనుమలను దాటి రైలులో దిగితే విశాఖపట్నం వస్తుంది. కోంటా, భద్రాచలం మీదుగా రోడ్డు మార్గం పడితే హైదరాబాద్ చేరవచ్చు. భాష, బంధుత్వం, ఉపాధి కలిసి చాలామందిని చివరి రెండు నగరాల వైపే నడిపిస్తాయి.

అక్కడ అడుగు పెట్టగానే ఎదురయ్యే మొదటి సమస్య ఇల్లు. ఇంద్రావతి తీరాన ఒక విశాలమైన ఇంటికి చెల్లించే అద్దె, హైదరాబాద్ నడిబొడ్డున ఒక గదికి చాలదు. అందువల్ల శివారు అనివార్యం. అయితే ఏ శివారు? అద్దె తక్కువైన చోట భద్రత ఉంటుందా? భద్రత ఉన్న చోటు అందుబాటులో ఉంటుందా? తెలిసినవారు చెప్పిన మంచి పేరు, చెడ్డ పేరు మీద ఆధారపడకుండా ఈ ప్రశ్నలకు సమాధానం వెతకవచ్చు. అందుకు పరిశీలించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి.

ఈ దారులు కొత్తవి కావు

బస్తర్‌కు, తెలుగు నేలకు మధ్య రాకపోకలు శతాబ్దాల నాటివి. బస్తర్‌ను పాలించిన రాజవంశం తమ మూలాలను ఓరుగల్లు కాకతీయులలో చెప్పుకున్నది. నేటికీ దక్షిణ బస్తర్‌లోని కోంటా, భోపాల్‌పట్నం ప్రాంతాల్లో తెలుగు విరివిగా వినిపిస్తుంది. జగదల్‌పూర్‌లో హల్బీ, భత్రీ, గోండీ, ఒడియా, హిందీలతో పాటు తెలుగు కూడా బజారు భాషల్లో ఒకటి.

ఆధునిక కాలంలో ఈ బంధాన్ని ఇనుప ఖనిజం బలపరిచింది. బైలదిలా కొండల ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960వ దశకంలో నిర్మించిన కొత్తవలస–కిరండుల్ రైలు మార్గం జగదల్‌పూర్ మీదుగానే సాగుతుంది. ఆ గనులను నిర్వహించే ఎన్‌ఎండీసీ 1958లో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోని మాసబ్ ట్యాంక్‌లో ఉంది. జగదల్‌పూర్ సమీపాన నగర్‌నార్‌లో నిర్మించిన ఉక్కు కర్మాగారాన్ని 2023 అక్టోబరు 3న జాతికి అంకితం చేశారు. జగదల్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు విమాన సర్వీసులు 2020 సెప్టెంబరులో మొదలయ్యాయి. దారి సులువయ్యే కొద్దీ ప్రయాణికుల సంఖ్యే కాదు, స్థిరపడదామనుకునే వారి సంఖ్యా పెరుగుతుంది.

అద్దె ఒక్కటే ఖర్చు కాదు

టూలెట్ బోర్డు మీది అంకెను చూసి ఇల్లు నిర్ణయించుకోవడం కొత్తగా వచ్చినవారు తరచుగా చేసే పొరపాటు. ఆ అంకె ఇంటి ధరలో ఒక భాగం మాత్రమే. మిగిలిన భాగాన్ని కుటుంబం ప్రతిరోజూ రోడ్డు మీద చెల్లిస్తుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. కార్యాలయానికి నడిచి వెళ్లగల దూరంలో ఒక ఇంటి అద్దె నెలకు 16,000 రూపాయలు. పాతిక కిలోమీటర్ల దూరంలో అదే విస్తీర్ణం గల ఇంటికి 10,000 రూపాయలు. చూడగానే 6,000 రూపాయలు ఆదా అనిపిస్తుంది. కానీ ఇంట్లో ఇద్దరు ఉద్యోగులు ఉండి, ఒక్కొక్కరికి రానుపోను రోజుకు 120 రూపాయలు ఖర్చయితే, నెలకు 26 పనిదినాల లెక్కన ఆ మొత్తం 6,240 రూపాయలు. ఆదా అనుకున్నది కాస్తా లోటుగా మారింది. దానికి తోడు రోజుకు రెండు గంటలు ప్రయాణంలో గడిస్తే, నెలకు ఒక్కొక్కరు 52 గంటలు కోల్పోతారు.

ఇల్లు, రవాణా వేర్వేరు ఖర్చులు కావన్న గుర్తింపు ఇతర దేశాల్లోనూ ఉంది. కుటుంబ ఆదాయంలో ఇంటి ఖర్చు 30 శాతం దాటకూడదన్నది అమెరికాలో చిరకాలంగా వాడుకలో ఉన్న కొలమానం. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ దానిని సవరించి, ఇల్లు, రవాణా రెండూ కలిపి 45 శాతానికి మించకుండా ఉంటేనే ఆ ప్రాంతం అందుబాటులో ఉన్నట్టు లెక్కించాలని ప్రతిపాదించింది. భారతీయ కుటుంబాల ఖర్చుల తీరు వేరు కావచ్చు. అయినా రెండింటినీ కలిపి చూడాలన్న సూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

అద్దెకు చేర్చవలసినవి మరికొన్ని ఉన్నాయి. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, వేసవిలో నీటి ట్యాంకర్లు, పాఠశాల బస్సు రుసుము, బ్రోకర్ కమిషన్ వంటివన్నీ ఒక కాగితం మీద రాసి కూడితేనే రెండు ఇళ్ల మధ్య నిజమైన తేడా తెలుస్తుంది.

హైదరాబాద్: పని చేసే దిక్కును బట్టి ఇల్లు

హైదరాబాద్ ఒకే కేంద్రం చుట్టూ పెరిగిన నగరం కాదు. ఐటీ సంస్థలు ప్రధానంగా పడమర దిక్కున హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలలో ఉన్నాయి. పరిశ్రమలు ఉత్తరాన జీడిమెట్ల, బాలానగర్‌లలోను, వాయవ్యాన పటాన్‌చెరు, పాశమైలారంలలోను, తూర్పున చర్లపల్లి, నాచారంలలోను విస్తరించాయి. కాబట్టి ఏ శివారు మంచిదన్న ప్రశ్నకు ముందు, కుటుంబంలో సంపాదించేవారు ఏ దిక్కున పనిచేస్తారన్నది తేల్చుకోవాలి. తూర్పు కొసన ఇల్లు, పడమర కొసన ఉద్యోగం అంటే రోజూ రెండుసార్లు నగరాన్ని దాటడమే.

పడమర ఉద్యోగం అయితే చందానగర్, లింగంపల్లి, మియాపూర్, వాటికి ఆవల బీరంగూడ, రామచంద్రాపురం పరిశీలించదగినవి. ఉత్తర పారిశ్రామికవాడల్లో పనిచేసేవారికి సుచిత్ర, కుత్బుల్లాపూర్, అల్వాల్ దగ్గరవుతాయి. తూర్పున పని ఉంటే ఉప్పల్, బోడుప్పల్, నాగోల్, కాప్రా, కుషాయిగూడ ఉన్నాయి. ఆగ్నేయాన ఎల్‌బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ ఉన్నాయి. విజయవాడ వైపు నుంచి వచ్చే జాతీయ రహదారి నగరంలోకి ప్రవేశించేది ఈ ఆగ్నేయ దిక్కు నుంచే. ఏటా దసరాకు, కుటుంబ కార్యాలకు బస్తర్ వెళ్లి రావలసినవారికి ఇది చిన్న విషయం కాదు.

2017 నవంబరులో మొదలైన మెట్రో రైలు ఈ లెక్కను కొంత మార్చింది. మియాపూర్–ఎల్‌బీ నగర్, నాగోల్–రాయదుర్గం, జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గాలు కలిసి సుమారు 69 కిలోమీటర్లు. మెట్రో చివరి స్టేషన్‌కు రెండు మూడు కిలోమీటర్ల లోపల, నేరుగా బస్సు లేదా షేర్ ఆటో దొరికే చోట ఉన్న ఇల్లు, స్టేషన్ పక్క ఇంటి కంటే చౌకగాను, దూరపు ఇంటి కంటే సుఖంగాను ఉంటుంది. 2003 నుంచి నడుస్తున్న ఎంఎంటీఎస్ రైళ్లు ఇంకా చౌక. అయితే వాటి వేళలు పరిమితం. ఉద్యోగ సమయానికి రైలు ఉందో లేదో చూసుకోకుండా స్టేషన్ దగ్గరుందని ఇల్లు తీసుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

రాబోయే వసతులను నమ్మి ఇప్పుడే అద్దె పెంచుకోవడం కూడా తగదు. ఉప్పల్–నారపల్లి ఎత్తైన వంతెన పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ దారి పక్కన ఇల్లు తీసుకున్నవారికి దక్కినది గుంతలు, దుమ్ము, ట్రాఫిక్. కొనేవారికి రేపటి వంతెన పెట్టుబడి కావచ్చు. అద్దెకు ఉండేవారికి మాత్రం ఇవాళ్టి రోడ్డే ముఖ్యం.

పాత ప్రభుత్వరంగ కాలనీల విలువ

అందుబాటు అద్దె, భద్రత రెండూ ఒకేచోట దొరికే అవకాశం ఎక్కడ ఎక్కువ? హైదరాబాద్ చరిత్రలోనే దీనికి ఒక సూచన ఉంది. 1960వ దశకం నుంచి ప్రభుత్వరంగ సంస్థలు నగరం వెలుపల స్థిరపడ్డాయి. వాటి చుట్టూ ఉద్యోగుల కాలనీలు వెలిశాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ పరిసరాలు, తూర్పున ఈసీఐఎల్‌ను ఆనుకున్న ఏ.ఎస్. రావు నగర్, మాజీ సైనికుల సైనిక్‌పురి, హౌసింగ్ బోర్డు నిర్మించిన కూకట్‌పల్లి కాలనీ ఇటువంటివి.

ఇవి ముందుగా గీసిన పటం ప్రకారం వెలిసిన స్థలాలు. రోడ్లకు వెడల్పు ఉంటుంది. మురుగు కాలువకు దారి ఉంటుంది. నడవడానికి వీలైన దూరంలో పార్కు, కూరగాయల బజారు, పాఠశాల, బస్‌స్టాప్ ఉంటాయి. వయసు మళ్లిన యజమానులు పై అంతస్తులో ఉంటూ కింది వాటా అద్దెకు ఇవ్వడం వల్ల వీధిలో పగలూ రాత్రీ మనుషుల అలికిడి ఉంటుంది. భవనాలు పాతవి కావడంతో లిఫ్టు, జిమ్, ఈతకొలను ఉండవు. అద్దె కొంత అదుపులో ఉండటానికి అదీ ఒక కారణం. ప్రధాన రోడ్డు మీద కొత్తగా లేచిన గేటెడ్ కమ్యూనిటీ పక్కనే, లోపలి వీధుల్లో ఇటువంటి వాటాలు దొరుకుతాయి. కిరండుల్, బచేలీ టౌన్‌షిప్‌లలో పెరిగినవారికి ఈ వాతావరణం అపరిచితం కాదు.

మే నెలలో చూసిన ఇల్లు, అక్టోబరులో

కుటుంబాలు ఇల్లు మారేది ఎక్కువగా మే, జూన్ నెలల్లో. పాఠశాలలు తెరిచేలోగా స్థిరపడాలన్నది ఆలోచన. కానీ ఏడాదిలో నేల అత్యంత పొడిగా ఉండేది అప్పుడే. చెరువు మైదానంలా కనిపిస్తుంది. నాలా చిన్న కాలువలా ఉంటుంది. ఇంటి నిజస్వరూపం తెలిసేది మూడు, నాలుగు నెలల తరువాత.

హైదరాబాద్ వరదల తేదీలే ఇందుకు సాక్ష్యం. వేలాది ప్రాణాలను బలిగొన్న మూసీ వరద 1908 సెప్టెంబరు 28న వచ్చింది. ఆ విపత్తు తరువాతనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించారు. 2000 ఆగస్టులో ఒక్కరోజు కుండపోతకు లోతట్టు కాలనీలు మునిగాయి. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో ఘట్‌కేసర్ పరిసరాల్లో 30 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. టోలిచౌకి, సరూర్‌నగర్, ఉప్పల్ పరిసరాల్లోని అనేక కాలనీలలో ఇళ్లలోకి నీరు చేరింది.

ఇందుకు వాన ఒక్కటే కారణం కాదు. గొలుసుకట్టు చెరువుల మీద నిర్మితమైన నగరంలో చెరువు శిఖం, నాలా దారి ఇళ్ల స్థలాలుగా మారాయి. నీరు తన పాత దారిని మరచిపోదు. నిబంధనల ప్రకారం చెరువు పూర్తిస్థాయి నీటిమట్టం, అంటే వాడుకలో ఎఫ్‌టీఎల్ అనే హద్దు లోపల నిర్మాణాలు ఉండకూడదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ హద్దు నుంచి మరో 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ జోన్‌గా విడిచిపెట్టాలి. హెచ్ఎండీఏ తన పరిధిలోని చెరువుల పటాలను ఆన్‌లైన్‌లో ఉంచింది.

2024 జులైలో ప్రభుత్వం హైడ్రాను ఏర్పాటు చేసిన తరువాత ఇది నీటి సమస్యతో పాటు నీడ సమస్య కూడా అయింది. చెరువు హద్దుల్లోని నిర్మాణాల కూల్చివేతలు మొదలయ్యాయి. అద్దెకు ఉన్నవారికి ఆ స్థలంపై హక్కు ఉండదు. ఇల్లు పోతే వారు పోగొట్టుకునేవి అడ్వాన్స్, సామాను, పిల్లల విద్యాసంవత్సరం. కాబట్టి అద్దె ఇంటికి కూడా చెరువు పటం చూడటం అతిజాగ్రత్త అనిపించుకోదు.

పటం చదవడం రానివారికి సులువైన పద్ధతులు ఉన్నాయి. ఊరి పేరులో, వీధి పేరులో కుంట, చెరువు, కట్ట, తలాబ్ వంటి మాటలు ఉంటే ఎందుకొచ్చాయో ఆరా తీయాలి. మాసబ్ ట్యాంక్ పేరు సైతం ఒకప్పటి చెరువుదే. ప్రహరీ గోడల మీద, గేటు స్తంభాల మీద పాత నీటిచార కనిపిస్తుందేమో గమనించాలి. కింది అంతస్తు గడపలు రోడ్డు కంటే బాగా ఎత్తుగా కట్టి ఉన్నా, తలుపుల ముందు ఇటుకలతో చిన్న అడ్డుకట్టలు ఉన్నా, అక్కడివారు నీటితో పడుతున్న పాట్లు చెప్పకనే తెలుస్తాయి. 2020 వానలో ఈ వీధి ఎలా ఉందన్న ప్రశ్న యజమానిని కాక, మూలన ఉన్న కిరాణా దుకాణదారును, ఇస్త్రీ బండి నడిపే వ్యక్తిని అడగడం మేలు. ఇల్లు అద్దెకు పోవాలన్న తొందర వారికి ఉండదు.

విశాఖ: గాలిని, కొండను కూడా చూడాలి

కిరండుల్ రైలు ఎక్కి వచ్చేవారికి విశాఖ శివార్లు కొత్తవలస వద్దనే మొదలవుతాయి. పెందుర్తి, గోపాలపట్నం ప్రాంతాలు రైలుకు దగ్గర. ఉక్కు కర్మాగారం వైపు కూర్మన్నపాలెం, గాజువాక ఉన్నాయి. ఉత్తరాన జాతీయ రహదారి వెంట మధురవాడ విస్తరించింది. సముద్రతీరానికి దూరమయ్యే కొద్దీ సాధారణంగా అద్దె తగ్గుతుంది.

ఇక్కడ భద్రతకు మరో కోణం ఉంది. గోపాలపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ప్రాంగణంలో పరిశ్రమ 1961 నాటిది. కాలక్రమంలో నగరం విస్తరించి, ఇళ్లు దాని గోడల దాకా వచ్చాయి. పారిశ్రామిక నగరాల్లో కర్మాగారం పక్క వీధిలో అద్దె తక్కువ ఉండటానికి కారణం ఒక్కోసారి ఇదే. కార్మికునికి పని దగ్గర కావడం సౌకర్యమే. అయితే రసాయన పరిశ్రమ ప్రహరీని ఆనుకున్న ఇంటి కంటే, గాలి వాలుకు ఎదురుగా రెండు మూడు కిలోమీటర్లు ఎడంగా ఉన్న ఇల్లు కుటుంబానికి మేలు.

కొండవాలు ఇళ్లకు మరో లెక్క ఉంది. విశాఖలో అద్దె తక్కువైన ఇళ్లు చాలావరకు కొండల మీదికి పాకాయి. భారీ వర్షాలకు మట్టి పెళ్లలు, రక్షణ గోడలు కూలే ప్రమాదం అక్కడ ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకినప్పుడు రేకుల కప్పులు ఎంత బలహీనమో తేలిపోయింది. స్లాబు ఇల్లు, మెట్ల దారికి వీధిదీపాలు, అంబులెన్సు ఎంత దగ్గరకు రాగలదన్న అంశం ఇక్కడ తప్పక చూడవలసినవి.

చివరి కిలోమీటరు

స్త్రీల భద్రతను నగరం పేరుతోనో, పేట పేరుతోనో కొలవడం పరిపాటి. వాస్తవానికి అది బస్‌స్టాప్ నుంచి ఇంటి గుమ్మం దాకా ఉండే చివరి కిలోమీటరులో తేలుతుంది. ఖాళీ ప్లాట్ల మధ్య ఒంటరిగా లేచిన కొత్త అపార్ట్‌మెంట్‌లో లోపల సీసీ కెమెరాలు ఉండవచ్చు. దాని ముందు దీపాలు లేని మట్టిరోడ్డు ఉంటే, రాత్రి తొమ్మిది గంటలకు పని ముగించుకుని వచ్చే యువతికి ఆ కెమెరాల వల్ల ఒరిగేది తక్కువ.

అందుకే ఒకే ఇంటిని మూడు వేళల్లో చూడాలి. ఉదయం ఎనిమిదిన్నరకు వెళితే బస్సుల రద్దీ తెలుస్తుంది. మధ్యాహ్నం పాఠశాల, దుకాణాలు, నీళ్ల సంగతి తెలుస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు వెళితే వీధిలో ఎవరు ఉన్నారు, దీపాలు వెలుగుతున్నాయా, మెడికల్ షాపు తెరిచి ఉందా అన్నవి తెలుస్తాయి. బయట తిరిగే స్త్రీలు, వృద్ధులు కనిపించే వీధి సాధారణంగా భద్రమైనది. మద్యం దుకాణం, దాని పక్క పర్మిట్ రూము నడకదారిలో ఉంటే ప్రత్యామ్నాయ దారి ఉందో లేదో చూసుకోవాలి.

తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ పనిచేస్తున్నాయి. అత్యవసరంలో 112, మహిళల సహాయానికి 181 నంబర్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. సమీప పోలీస్ స్టేషన్ ఎక్కడుందో ఇల్లు తీసుకోకముందే తెలుసుకోవడం మంచిది.

నీళ్లు ఎక్కడివి?

హైదరాబాద్ టూలెట్ ప్రకటనల్లో ‘మంజీరా నీళ్లు’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. జలమండలి సరఫరా చేసే నీటికి అది వాడుక పేరుగా స్థిరపడింది. ఆ కనెక్షన్ లేని ఇంటికి బోరు నీళ్లే దిక్కు. వేసవిలో బోరు ఎండితే ట్యాంకర్. ఆ ఖర్చును వాటాల వారీగా పంచుతారు. జలమండలి నీళ్లు ఏ రోజు, ఎంతసేపు వస్తాయి, గత ఏప్రిల్‌లో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు అన్న రెండు ప్రశ్నలు అద్దె బేరానికి ముందే అడగాలి. జవాబు తడబడితే నీటి ఖర్చును లెక్కలో కలుపుకోవాలి.

కాగితాలు, అడ్వాన్స్, మోసాలు

అద్దె ఒప్పందాన్ని 11 నెలలకు రాసుకోవడం ఆనవాయితీ. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయడం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరి. ఆ ఖర్చు, శ్రమ తప్పించుకోవడానికే ఈ 11 నెలల పద్ధతి వచ్చింది. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉన్నప్పటికీ, నేటి నగర అద్దెల్లో అధిక భాగం దాని రక్షణ పరిధిలోకి రావు. నివాస గృహాలకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించరాదని చెప్పే నమూనా అద్దె చట్టాన్ని కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించింది. కానీ రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమల్లోకి వస్తుంది. కాబట్టి అద్దెదారుకు ఆచరణలో రక్షణ ఒప్పంద పత్రమే.

అందులో స్పష్టంగా ఉండవలసినవి: నెల అద్దె, ఏటా ఎంత పెంపు, అడ్వాన్స్ మొత్తం, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, రంగులకు, మరమ్మతులకు ఎంత మినహాయిస్తారు, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలి, మెయింటెనెన్స్ ఎవరిది. సంతకం చేసే వ్యక్తి పేరు, ఇంటి ఆస్తిపన్ను రసీదు మీది పేరు, కరెంటు బిల్లు మీది పేరు ఒకటేనా అని పోల్చి చూడాలి. వేరైతే కారణం అడగాలి. అడ్వాన్స్ బ్యాంకు ద్వారా చెల్లిస్తే తరువాత ఆధారం ఉంటుంది.

ఊరు దాటి రాకముందే ఫోన్‌లో ఇల్లు ఖాయం చేసుకోవాలనుకునేవారే మోసగాళ్లకు సులువైన లక్ష్యం. తాము సైన్యంలో పనిచేస్తున్నామని, బదిలీ కారణంగా ఇల్లు అద్దెకు ఇస్తున్నామని నమ్మించి, ముందస్తు సొమ్ము పంపమనడం, లేదా డబ్బు జమ చేస్తామంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించడం దేశవ్యాప్తంగా నమోదైన పద్ధతి. సొమ్ము అందుకోవడానికి స్కాన్ చేయవలసిన పని, పిన్ నొక్కవలసిన పని ఉండదు. ఇల్లు కంటితో చూడకుండా టోకెన్ సొమ్ము పంపకూడదు. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్ము నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

పొరుగు రాష్ట్రం నుంచి వచ్చేవారికి

ఛత్తీస్‌గఢ్ చిరునామాతో వచ్చే కుటుంబానికి కొన్ని ప్రత్యేక ఇబ్బందులు ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న అటువంటి పథకం మొదలైంది. రెండూ ఆయా రాష్ట్రాల నివాసులకే వర్తిస్తాయి. గుర్తింపు కార్డు మీద స్థానిక చిరునామా లేకపోతే టికెట్ కొనవలసిందే. రోజూ బస్సెక్కే ఇద్దరు స్త్రీలున్న ఇంట్లో ఈ తేడా నెల బడ్జెట్‌ను మారుస్తుంది. ఆధార్‌లో చిరునామా మార్పుకు అద్దె ఒప్పందం ఉపయోగపడుతుంది కనుక, నోటిమాట అద్దె కంటే రాతపూర్వక ఒప్పందం వల్ల ఇది మరో లాభం.

జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న రేషన్ కార్డుతో దేశంలో ఎక్కడైనా బియ్యం తీసుకునే సౌకర్యం ఉంది. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు విధానంలో ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మూడూ ఉన్నాయి. కార్డును రద్దు చేయించుకుని రావలసిన అవసరం లేదు.

చట్టంతో తేలని ఇబ్బంది మరొకటి. కులం, ఆహారపు అలవాట్లు, అవివాహిత స్థితి అడిగి ఇల్లు నిరాకరించే యజమానులు రెండు నగరాల్లోనూ ఉన్నారు. బస్తర్ అనగానే అక్కడి హింసే గుర్తుకు వచ్చేవారికి అనుమానం కూడా తోడవుతుంది. ఉద్యోగ ధ్రువపత్రం, పాత చిరునామా, స్థానికంగా పరిచయమున్న ఒకరి పేరు ముందే సిద్ధంగా ఉంచుకోవడం, అద్దెదారుల వివరాలను పోలీసులకు ఇవ్వడానికి తామే ముందుకు రావడం ఆ అనుమానాన్ని కొంత తగ్గిస్తాయి. తెలుగు మాట్లాడగలిగిన కుటుంబానికి ఇది కొంత తేలిక. హల్బీ, గోండీ మాత్రమే తెలిసిన ఆదివాసీ యువతకు చాలా కష్టం. నగరంలో ముందుగా స్థిరపడిన బస్తర్‌వాసుల తోడ్పాటు అత్యంత అవసరమైనది వారికే.

తొందరపడకుండా తరలడం

అన్నీ ఒక్కసారిగా చూడటం సాధ్యం కానప్పుడు తరలింపును రెండు దశలుగా విడదీయవచ్చు. ఉద్యోగం ఉన్న వ్యక్తి ముందుగా వచ్చి, పని స్థలానికి దగ్గరలో హాస్టల్‌లోనో, బంధువుల ఇంట్లోనో ఒకటి రెండు నెలలు గడపాలి. ఆ వ్యవధిలో సెలవు రోజుల్లో మూడు నాలుగు శివార్లను మూడు వేళల్లో చూడాలి. వీలైతే ఒక పెద్ద వాన పడిన మరుసటి రోజు వెళ్లి చూడాలి. ఆ తరువాతే కుటుంబాన్ని, సామానును తీసుకురావాలి. రెండు నెలల హాస్టల్ ఖర్చు, తొందరపాటులో ఇచ్చిన అడ్వాన్స్‌ను వదులుకుని మళ్లీ ఇల్లు మారే ఖర్చు కంటే తక్కువే అవుతుంది.

నగరాలు కొత్తగా వచ్చేవారికి తమ పల్లపు నేలను, తమ చీకటి వీధులను, తమ కర్మాగారపు గోడలను ముందుగా చూపిస్తాయి. ఎందుకంటే పాతవారు విడిచిపెట్టినవి అవే. చెరువు హద్దులను కాపాడటం, శివారుకు రాత్రి బస్సు నడపడం, వీధిదీపం వెలిగించడం ప్రభుత్వాల, పురపాలక సంస్థల బాధ్యత. అవి నెరవేరేదాకా, ఏ వీధిలో నీరు నిలుస్తుందో, ఏ దారిలో దీపం వెలగదో అద్దెదారు ముందుగానే తెలుసుకోవాలి. అది తెలుసుకోవడానికి పెద్ద చదువు, పెద్ద పరిచయాలు అవసరం లేదు. సంతకం చేయకముందు ఆ వీధిలో రాత్రి ఒకసారి, వాన వెలిసిన తరువాత మరొకసారి నడిస్తే చాలు.